పులివేషం వేసిన మనిషి బొమ్మలో పోలిక ఎలా నిలుస్తుంది?

పోలిక చారల్లో కాదు, వాటి కిందున్న ముఖం కట్టులో ఉంటుంది. అందుకే ముందు మనిషిని గీసి, చారలు చివర్లో వేయాలి. రంగు చర్మాన్ని కప్పుతుందే గానీ కళ్ల మధ్య దూరాన్నీ, ముక్కు పొడవునూ, దవడ వెడల్పునూ మార్చదు. మనం మనిషిని గుర్తుపట్టేది ఎక్కువగా వీటితోనే.

కోనసీమలో పండక్కి పులివేషం కట్టిన కుర్రాణ్ణి చూడండి. డప్పు దెబ్బకి అడుగులేస్తుంటే చెమటకి ముక్కు పక్కన పసుపు రంగు మెరుస్తుంది. నల్లచార బుగ్గ ఎముక మీద వంగి చెవి వైపు పోతుంది. ఆ వంపు పట్టుకోవడమే అసలు పని. తిన్నగా గీస్తే ముఖం పలకలా చదునైపోతుంది.

అసలు పులి ఫొటో చూసి చారలు దించితే చాలని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. అలా వచ్చేది పులి, ఆ కుర్రాడు కాదు. ముఖమంతా మాస్కు ఉంటే మాత్రం భుజాల వాలు, నిలబడే తీరు చూసుకోవాలి.