చామంతులు మాత్రం పట్టుకెళ్లకు

సందేహం: మాది జనగామ దగ్గర పల్లె. నాకు 25 ఏళ్లు, కన్యాస్త్రీని. మా సంస్థ వాళ్లు సేవ కోసం నన్ను ఇటలీకి పంపారు. మిలాన్‌కు దక్షిణాన పావియా దగ్గర, మా కాన్వెంట్ నడిపే వృద్ధాశ్రమంలో ఉన్నాను. వచ్చి ఆరు వారాలైంది. చేయడానికి వస్తే అందరూ నాకే చేసిపెడుతున్నారు. భాష రాదు, తిండి సహించట్లేదు, చర్చిలో పూజకు ముసలివాళ్లు తప్ప ఎవరూ రారు. రాత్రిళ్లు ఏడుపొస్తోంది. నేనిక్కడ పనికొస్తానా?

జవాబు: సిస్టర్, నాది కాజీపేట. ఇటలీకి వచ్చి 21 ఏళ్లయింది. వయసులో చెల్లెలివి కాబట్టి నువ్వనే అంటున్నా, ఏమనుకోకు.

పనికొస్తావు. కాకపోతే ఈ ఏడాది నీ చేతులకన్నా నీ చెవులకే పని ఎక్కువ. వాళ్లు చేసిపెడితే చేయించుకో, సిగ్గుపడకు. మన వరంగల్ సంగతే చూడు. మేత్రాసనం, అంటే బిషప్ పాలించే చర్చి ప్రాంతం, 1952లో ఏర్పడితే, తొలి బిషప్ అల్ఫోన్సో బెరెట్టా గారు ఇటలీ నుంచి వచ్చినవారే. ఆయన చేరిన పీమే అనే మిషనరీ ఫాదర్ల సంస్థ 1850లో మిలాన్‌లో మొదలైంది. నువ్వున్న చోటికి రైల్లో ఎంతో దూరం లేదది. అక్కడి నుంచి కొత్తగా వచ్చిన ఒక ఫాదర్‌కు 'ళ' పలకడం రాకపోతే, మా నాయనమ్మ వాళ్ల వాకిట్లో పిల్లల్ని కూర్చోబెట్టుకుని "నీళ్లు, కళ్లు, పళ్లు" అని పలికించుకునేవారట. ఆయన చెప్పిన ప్రసంగాలు నాయనమ్మకు ఒక్కటీ గుర్తులేవు. ఆయన నీళ్లడిగిన తీరు మాత్రం పోయేదాకా చెప్పుకుంది.

భాష గురించి టెన్షన్ పడకు. తెలుగువాళ్లకు ఇక్కడ ఒక సులువుంది. ఇటాలియన్‌లో ఒత్తు పలకకపోతే అర్థమే మారిపోతుంది. 'కారో' అంటే ప్రియమైన, 'కర్రో' అంటే బండి. 'పాలా' అంటే పార, 'పల్లా' అంటే బంతి. చాలామంది విదేశీయులు దీని దగ్గరే తడబడతారు. మనకు ఒత్తులు చిన్నప్పటి నుంచీ నోట్లో ఉన్నవే. జాగ్రత్తపడాల్సింది 'తూ' (నువ్వు), 'లేయి' (మీరు) దగ్గర. మన దిక్కు అమ్మమ్మను ప్రేమతో నువ్వు అంటాం. ఇక్కడ పెద్దావిడను 'తూ' అంటే కొందరు నొచ్చుకుంటారు. 'సిన్యోరా' (అమ్మగారు) అని పిలువు, 'లేయి' అని మాట్లాడు. నువ్వను అని వాళ్లే చెప్పేదాకా ఆగు.

కాగితాల సంగతి మీ మదర్ చూసే ఉంటారు. దిగిన 8 పనిదినాల్లోపు పోస్టాఫీసులో పెర్మెస్సోకు, అంటే ఇక్కడ ఉండేందుకిచ్చే అనుమతి కార్డుకు, దరఖాస్తు పెట్టాలి. వాళ్లిచ్చిన రసీదును పాస్‌పోర్టుతో సమానంగా దాచుకో. కార్డు రావడానికి నెలలు పడుతుంది. ఈలోపు ఇంటికి వెళ్లాల్సి వస్తే, ఆ రసీదు మీద ఐరోపాలో ఇంకో దేశంలో విమానం మారే టికెట్ కొనొద్దు. నేరుగా గానీ గల్ఫ్ మీదుగా గానీ వెళ్లు.

ఇప్పుడు అక్టోబర్ చివర కదా, పూల దుకాణాలన్నీ చామంతులతో నిండిపోతాయి. నేను వచ్చిన ఏడు, బతుకమ్మ ఆడలేదన్న బెంగతో ఉన్నదాన్ని, ఆ పసుపు చూసి ఆగలేకపోయా. మా ఇంటి ఓనరమ్మ పుట్టినరోజుకు పెద్ద గుత్తి కొని తీసుకెళ్లా. ఆమె తలుపు తీసింది. పూలు చూసింది. ముఖం తెల్లబడింది. గుత్తి చేతుల్లోకి తీసుకోలేదు, మెల్లగా గుమ్మం పక్కన నేల మీద పెట్టించింది. ఇక్కడ చామంతులు సమాధుల మీద పెట్టేవి, నవంబర్ 2న చనిపోయినవాళ్ల పండుగకు. మర్నాడు ఆమె కూతురు చెబితే గానీ నాకు తెలియలేదు. నువ్వుండేది వృద్ధాశ్రమం, కాబట్టి ఇది ముందే చెబుతున్నా. ఏ అవ్వ గదిలోకీ చామంతులు తీసుకెళ్లకు.

తిండికి పెద్ద కష్టం లేదు. ఇక్కడివాళ్లు రిసొత్తో అనే ముద్దన్నం వండే బియ్యం మన కూరలకు పనికిరాదు, బాస్మతి కొనిపించుకో. బంగ్లాదేశ్ వాళ్ల దుకాణాల్లో చింతపండు, పచ్చిమిర్చి, పప్పులు దొరుకుతాయి. ఒక ఆదివారం పచ్చిపులుసు చేసి కాన్వెంట్‌లో అందరికీ పెట్టు.

అక్టోబర్ ఆఖరి ఆదివారం గడియారం గంట వెనక్కి తిప్పుతారు. మనకూ ఇక్కడికీ తేడా మూడున్నర నుంచి నాలుగున్నర గంటలవుతుంది. నీకు రాత్రి ఎనిమిదైతే అక్కడ పన్నెండున్నర, అమ్మ నిద్రలో ఉంటుంది. మధ్యాహ్నం భోజనమయ్యాక ఫోన్ చెయ్యి. ఏడ్చి చెయ్యకు, ఏడుపు తగ్గాక చెయ్యి. డిసెంబర్‌లో ఐదు కాకముందే చీకటి పడుతుంది. దిగులు ఎక్కువయ్యేది అప్పుడే. రోజూ పగటి వెలుతురు ఉండగానే అరగంట బయట నడువు.

పూజకు జనం రారన్న బాధ నాకూ ఉంది. కాజీపేట ఫాతిమానగర్ చర్చిలో నిలబడే చోటు లేని పూజలు చూసినవాళ్లం. ఆ ఖాళీ బెంచీలు లెక్కపెట్టకు. వచ్చిన పదిమంది పేర్లు నేర్చుకో, ఎవరు ఎక్కడ కూర్చుంటారో గమనించు. ఒకరోజు ఎవరైనా రాకపోతే వెళ్లి తలుపు తట్టు.

ఇంకొక్క మాట. మీ పావియా చుట్టూ ఉన్నవన్నీ వరి పొలాలే. ఐరోపాలో వరి ఎక్కువగా పండించేది ఇటలీనే, అందులోనూ మీ దిక్కే. కలుపు మందులు రాకముందు అక్కడ కలుపు తీసింది ఆడవాళ్లే. వాళ్లను 'మొందీనే' అంటారు. వేరే ప్రాంతాల నుంచి రైళ్లలో వచ్చి, మోకాళ్ల లోతు నీళ్లలో నడుం వంచి, పాటలు పాడుకుంటూ కలుపు తీసేవారు. నీ ఆశ్రమంలో 90 దాటిన అవ్వలుంటే, చిన్నతనంలో ఆ నీళ్లలో దిగినవాళ్లు ఒక్కరైనా ఉండొచ్చు. మీ అమ్మా నాట్లు వేసే ఉంటుంది, నువ్వూ వేసే ఉంటావు. రేపు ఒక అవ్వ మంచం పక్కన కూర్చుని, ఎడమ చేతిలో నారు కట్ట పట్టుకున్నట్టు పట్టి, కుడి చేత్తో నాటి చూపించు. "రీజో" అను, వరి అని. ఆ తర్వాత ఆమే మాట్లాడుతుంది.