బొర్రా గుహలకు విశాఖ నుంచి రైల్లో వెళ్లవచ్చా?

వెళ్లవచ్చు. గుహలున్న ఊరికి ‘బొర్రా గుహలు’ పేరుతోనే చిన్న స్టేషన్ ఉంది. విశాఖపట్నంలో పొద్దున్నే బయలుదేరే కిరండూల్ ప్యాసింజర్ అక్కడ ఆగుతుంది. దిగాక గుహల దాకా నడిచి వెళ్లేంత దూరమే.

బస్సుకన్నా రైలే మేలంటాను, కారణం దారి. కొత్తవలస దగ్గర విడిపోయే ఈ మార్గాన్ని 1960ల్లో వేసింది యాత్రికుల కోసం కాదు, ఛత్తీస్‌గఢ్‌లోని బైలడిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చడానికి. అందుకే ఇప్పటికీ గూడ్సు బళ్లే ఎక్కువ; ఎదురుబండి కోసం మన బండి ఆగిందంటే విసుక్కోకండి. శృంగవరపుకోట దాటాక ఘాట్ మొదలవుతుంది. సొరంగంలోకి దూరగానే పెట్టెంతా చీకటై, పిల్లల కేకలు మార్మోగుతాయి. బయటపడగానే కిటికీ కింద లోయ!

బొర్రా తర్వాత వచ్చే శిమిలిగుడను కూడా చూడండి. 996 మీటర్ల ఎత్తున ఉన్న ఆ పల్లె స్టేషన్ ఒకప్పుడు దేశంలోని బ్రాడ్‌గేజ్ (వెడల్పు పట్టాల) స్టేషన్లన్నిటిలోకీ ఎత్తైనది.

2017లో అద్దాల పైకప్పున్న విస్టాడోమ్ పెట్టె వచ్చింది. దానికి ముందే రిజర్వేషన్ చేయించుకోండి. తిరుగు బండి వేళ మాత్రం బయలుదేరే ముందే కనుక్కోండి.