కడియం వెళ్లే ముందు ఒక మాట

చిరంజీవి సౌభాగ్యవతి అమ్మాయికి, పెద్దమ్మ ఆశీస్సులు.

గృహప్రవేశం ఫొటోలు చూశాను. ఇల్లు కళకళలాడుతోంది. ఈ ఆదివారమే కడియం వెళ్లి ఆటో నిండా పూలమొక్కలు తెచ్చేస్తామని అల్లుడుగారు అన్నారట. వద్దమ్మా, ఒక్క వారం ఆగండి.

కడియపులంక నర్సరీల్లోకి అడుగుపెడితే ఆ రోజు విరగబూసి ఉన్నదాని మీదకే మనసు పోతుంది. అన్నీ అవే తెచ్చుకుంటే ఆ రెండు నెలలూ పండగలా ఉంటుంది, మిగతా పది నెలలూ ఆకులు చూస్తూ కూర్చోవాలి. ఏ మొక్క ఏ నెలలో పూస్తుందో ముందు కాగితం మీద రాసుకో. మందారం, నందివర్ధనం, నూరువరహాలు, కనకాంబరం దాదాపు ఏడాది పొడుగునా పూస్తూనే ఉంటాయి. వాటిని ఆధారం చేసుకుని, ఎండాకాలానికి మల్లె, వానలు తగ్గే రోజులకి పారిజాతం, చలికాలానికి డిసెంబరాలు కలుపుకో. ఒకసారి నాటితే ఏళ్ల తరబడి ఉంటాయి ఇవన్నీ.

ఇంకో పని. ఒక సెలవురోజు పొద్దున ఎనిమిదింటికి, మధ్యాహ్నం పన్నెండింటికి, సాయంత్రం నాలుగింటికి ఎండ ఎక్కడిదాకా వస్తోందో ముగ్గుపిండితో గీత గియ్యి. ఇప్పుడు ఆషాఢంలో మీ ఉత్తరం సందులో ఎండ బాగానే ఉంటుంది. అది చూసి మోసపోకు. చలికాలానికి సూర్యుడు దక్షిణానికి వాలతాడు, ఆ సందంతా ఇంటి నీడే. అక్కడ మల్లె పెడితే తీగ పాకుతుంది కానీ పూలు అంతంతమాత్రం. కనకాంబరానికైతే కాస్త నీడ పరవాలేదు. మల్లె, మందారం, నూరువరహాలు తూర్పు వైపు, ఎండ దండిగా పడే చోట పెట్టు.

నూరువరహాల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. మా ఇల్లు కట్టినప్పుడు గోడ వారగా వరసగా ఆరు మొక్కలు నాటాను. మూడు నెలలకల్లా లేత ఆకులు పసుపుపచ్చగా తిరిగాయి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగానే ఉన్నాయి. ఎరువు వేశాను, నీళ్లు ఎక్కువ పోశాను, ఏమీ మారలేదు. చివరికి పాదు తవ్వి చూస్తే జానెడు లోతున సిమెంటు పెళ్లలు, సున్నం, ఇటుక ముక్కలు. మేస్త్రీ మిగిలిన చెత్తంతా అక్కడే పూడ్చి పైన మట్టి కప్పేశాడు. సున్నం ఉన్న మట్టిలో ఇనుము ఉన్నా ఆ మొక్క తీసుకోలేదు. అడుగున్నర లోతు తవ్వించి, ఎర్రమట్టి, బాగా మాగిన పశువుల ఎరువు నింపి మళ్లీ నాటితే అప్పుడు కోలుకున్నాయి. మీదీ కొత్త ఇల్లే కాబట్టి మొక్క కొనే ముందే గునపం వేయించి చూడు.

నాటేటప్పుడు ఎడం ఇవ్వు. నర్సరీ కవర్లో మూరెడున్న నందివర్ధనం వదిలేస్తే ఆరేడు అడుగుల పొద అవుతుంది. గోడ వైపు పొడుగువి, వాటి ముందు నూరువరహాలు, నడక దారి పక్కన కనకాంబరాలు. మధ్యలో ఖాళీ కనిపిస్తుందని టెన్షన్ పడకు, రెండేళ్లలో అదే నిండుతుంది. పారిజాతం చెట్టంత అవుతుంది కాబట్టి మూలకి పెట్టు, అందరూ నడిచే చోట మాత్రం వద్దు. రాత్రి విచ్చిన పూలు తెల్లారేసరికి నేల రాలి ఉంటాయి. కింద పాత చీర పరిస్తే దేవుడికి శుభ్రంగా ఏరుకోవచ్చు.

గన్నేరు మాత్రం ఇప్పుడు వద్దే వద్దు. ఆకు, పువ్వు, కొమ్మ అన్నీ విషమే. బుడ్డోడు దొరికిందల్లా నోట్లో పెట్టుకునే వయసు.

మల్లెని కత్తిరించడానికి అందరికీ చెయ్యి రాదు. నాకూ మొదట్లో ప్రాణం ఒప్పేది కాదు. కానీ మల్లె కొత్త చిగుళ్ల మీదే మొగ్గ తొడుగుతుంది. కార్తీకం వెళ్లాక కొన్నాళ్లు నీళ్లు ఆపి, ఆకు దూసేసి, మోకాలెత్తుకి కత్తిరించు. పాదు గుల్ల చేసి ఎరువు వేసి అప్పుడు నీళ్లు పెట్టు. మొదట మోడులా కనిపించి ఏడుపొస్తుంది. ఎండలు ముదిరేసరికి సాయంత్రం పూట మొగ్గలు కోయడానికి నీకు పళ్లెం చాలదు.

మందారానికి పిండినల్లి పడుతుంది. చిగురు ముడుచుకుని, తెల్లగా దూదిలాంటిది కనిపిస్తే ఆ కొసలు తుంచి దూరంగా పారెయ్యి. లీటరు నీళ్లకి ఒక చెంచా వేపనూనె, రెండు చుక్కల సబ్బునీళ్లు కలిపి సాయంత్రం చల్లు. వారానికోసారి ఆకుల కింద కూడా చూస్తూ ఉండు.

ఈ ఉత్తరంతో పాటు మన నాటు కనకాంబరం కాయలు పొట్లం కట్టి పంపుతున్నాను. వాటికి తడి తగలనివ్వకు, టప్పున పేలి గింజలు గదంతా చెదిరిపోతాయి. నాటే రోజున వెడల్పాటి గిన్నెలో వేసి నాలుగు చుక్కల నీళ్లు చల్లి, పైన పల్చటి గుడ్డ కప్పు. ఆ చప్పుడు బుడ్డోడికి వినిపించు.

నీ పెద్దమ్మ