పిల్లల డాక్టరు "మీ ఇంట్లో ఎవరికైనా జబ్బులున్నాయా?" అని అడిగితే ఏం చెప్పాలి?

ఏడాదిన్నర బాబును కొత్త డాక్టరు దగ్గరకు తీసుకెళ్తే రెండు వైపుల వాళ్ల జబ్బుల గురించి అడిగారని, మీ అత్తగారు "మాకేమీ లేవు" అనేశారని రాశారు. ఇవన్నీ నిజంగా అవసరమా అన్నది మీ ప్రశ్న.

అవసరమే. పిల్లల ఓపీలో చాలా ఏళ్లు నర్సుగా పనిచేశాను. డాక్టరు చూసేలోపు ఈ వివరాలు రాసుకునే పని నాదే. "ఏమీ లేవు" అనే మాట రోజూ వినేదాన్ని. జబ్బు అనగానే చాలామందికి షుగరు, బీపీ, క్యాన్సరే గుర్తొస్తాయి. అందుకని జబ్బుల పేర్లు చదవకుండా మనుషుల గురించి అడిగేదాన్ని. బాబుకి మేనమామలు, పెద్దమ్మలు, బాబాయిలు, మేనత్తలు ఎంతమంది? అందరూ బాగున్నారా? పసితనంలోనే పోయినవాళ్లున్నారా? ఎవరికైనా మాటిమాటికీ రక్తం ఎక్కించారా? పుట్టుకతో వినపడనివాళ్లు, యాభై దాటకుండానే గుండెపోటు వచ్చినవాళ్లు ఉన్నారా? ఇలా అడిగితే ఒక్కొక్కటే బయటికొచ్చేది.

ఒక పాపకి నెలల తరబడి ఐరన్ సిరప్ పోస్తున్నా హిమోగ్లోబిన్ పెరగలేదు. తల్లీ తండ్రీ ఏమీ లేవనే అన్నారు. రక్తం ఎక్కించడం గురించి అడిగేసరికి పక్కనున్న నానమ్మ, "మా చెల్లెలి మనవరాలికి నెలనెలా ఎక్కిస్తారమ్మా, అది కూడా చెప్పాలా?" అంది. ఆ మాట వినగానే డాక్టరు, రక్తంలో ఏ రకం హిమోగ్లోబిన్ ఎంతుందో చూసే హిమోగ్లోబిన్ ఎలక్ట్రోఫోరెసిస్ పరీక్ష రాశారు. పాప తలసీమియా క్యారియర్ అని తేలింది. తలసీమియా అంటే ఒంట్లో హిమోగ్లోబిన్ సరిగ్గా తయారుకాని వంశపారంపర్య జబ్బు. ఆ లోపం తల్లిదండ్రుల్లో ఒకరి నుంచే వచ్చినవాళ్లను క్యారియర్ అంటారు. క్యారియర్ అయితే మామూలుగానే పెరుగుతారు, కానీ ఒంట్లో ఐరన్ తక్కువ లేనప్పుడు ఆ సిరప్‌తో పనిలేదు. ఆ తర్వాత తల్లిదండ్రులకూ పరీక్ష చేస్తే తండ్రి ఒక్కరే క్యారియర్ అని వచ్చింది. ఇద్దరూ అయ్యుంటే ప్రతి కాన్పులోనూ బిడ్డకు తలసీమియా మేజర్ (మాటిమాటికీ రక్తం ఎక్కించాల్సి వచ్చే తీవ్రమైన రకం) వచ్చే అవకాశం 25 శాతం. రెండో బిడ్డ కోసం చూస్తున్న వాళ్లకి ఆ రిపోర్టుతో పెద్ద టెన్షన్ తీరింది.

మేనరికమా, దగ్గరి సంబంధమా అని అడిగేది కూడా ఇందుకే. దగ్గరి బంధువుల్లో ఒకే లోపం ఇద్దరిలోనూ ఉండే అవకాశం ఎక్కువ. తప్పు పడుతున్నారనుకుని కొందరు దాచేస్తారు. దయచేసి దాచకండి. మీది పాడేరు, అరకు, ఆదిలాబాద్ వైపు గిరిజన కుటుంబమైతే సికిల్ సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారే వంశపారంపర్య జబ్బు) గురించి కూడా చెప్పాలి. 2023 జులైలో మొదలైన జాతీయ మిషన్ కింద గిరిజన ప్రాంతాల్లో 40 ఏళ్లలోపు వారికి ఈ రక్తపరీక్ష చేస్తున్నారు.

ఇక మీ అత్తగారికి తెలిసేది ఎక్కువగా తండ్రి వైపు సంగతే. హిమోఫిలియా (రక్తం సరిగ్గా గడ్డకట్టని జబ్బు), జీ6పీడీ లోపం (కొన్ని మందులు వేసుకుంటే ఎర్ర రక్తకణాలు పగిలిపోయే లోపం) లాంటివి తల్లి నుంచి మగపిల్లలకు వస్తాయి. కాబట్టి మీ అన్నదమ్ములకో, మీ అమ్మగారి అన్నదమ్ములకో పన్ను పీకినప్పుడు రక్తం ఆగకపోవడం, ఏదైనా మందు వేసుకున్నాక కామెర్లు రావడం జరిగిందేమో అడగండి. మీ అమ్మగారికి ఒక్క ఫోన్ చేస్తే చాలావరకు తెలిసిపోతుంది.

టీబీ వంశపారంపర్యం కాదు, అయినా తప్పకుండా చెప్పాలి. ఇంట్లో ఎవరికైనా ఉంటే అయిదేళ్లలోపు పిల్లలను పరీక్షించి, జబ్బు లేదని తేలాక నివారణ మందు ఇస్తారు. పుట్టింట్లో టీబీ ఉందని అత్తింటివాళ్ల ముందు చెప్పలేక నలిగిపోయిన తల్లులను చూశాను. అలాంటప్పుడు బాబు బరువు చూద్దామంటూ తల్లిని పక్క గదికి తీసుకెళ్లి అడిగేదాన్ని. మీకూ అలాంటిదేమైనా ఉంటే, విడిగా మాట్లాడాలని నర్సుకు మెల్లగా చెప్పండి.

జ్వరంతో ఫిట్స్, ఉబ్బసం, థైరాయిడ్ కూడా చెప్పండి. చిన్నప్పుడు తండ్రికి జ్వరంలో ఫిట్స్ వచ్చి తగ్గిపోయాయని ముందే తెలిస్తే, బిడ్డకు వచ్చినప్పుడు కంగారు కొంత తగ్గుతుంది. ఇంట్లో ఒకరికి ఉన్నంత మాత్రాన బిడ్డకూ వచ్చి తీరుతుందని మాత్రం భయపడకండి.

ఈసారి వెళ్లేముందు ఎవరికి, ఏ వయసులో, ఏమైందో ఒక కాగితం మీద రాసి టీకాల కార్డులో పెట్టుకోండి. తెలియని చోట "లేదు" అనకుండా "తెలియదు" అనే రాయండి, డాక్టరుకు ఆ రెండూ వేర్వేరు జవాబులు. కుటుంబంలో కొత్తగా ఏదైనా బయటపడితే అదే కాగితంలో చేర్చి, తర్వాతి టీకాకి వెళ్లినప్పుడు చూపించండి.