నాన్నగారి డిస్క్ మీద ఎక్స్‌పీ ఎక్కించకండి

ప్రశ్న: అక్కయ్య గారికి నమస్కారం. మా నాన్నగారు తెలుగు పండితులుగా చేసి రిటైరయ్యారు. 2008లో కొన్న లాప్‌టాప్‌లో మా ఊరి చరిత్ర, కొన్ని పద్యాలు పుస్తకాల పేజీలు కట్టే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్‌లో, అను అనే తెలుగు ఫాంట్స్‌తో స్వయంగా కొట్టుకున్నారు. పోయిన ఏడాది ఆయన కాలం చేశారు. సంవత్సరీకానికి ఆ పుస్తకం అచ్చు వేయిద్దామని లాప్‌టాప్ తీస్తే, నీలం తెర వచ్చి ఆగిపోతోంది. చివర 7బీ అని ఉన్న కోడ్ కనిపిస్తోంది. ఆన్ చేసిన ప్రతిసారీ తేదీ 2008 జనవరి 1కి వెళ్లిపోతోంది. షాపు అతను "ఫార్మాట్ కొట్టి కొత్త విండోస్ ఎక్కిస్తా" అంటున్నాడు. బీరువాలో నాన్నగారు కొనుక్కున్న విండోస్ ఎక్స్‌పీ సీడీ పెట్టెతో సహా దొరికింది. లాప్‌టాప్ అడుగున మాత్రం విండోస్ విస్టా స్టిక్కర్ ఉంది. నేనే ఎక్స్‌పీ ఎక్కించుకోవచ్చా? ఆయన పెన్‌డ్రైవ్‌లోని ఒక వర్డ్ ఫైలు నా లాప్‌టాప్‌లో తెరిస్తే అన్నీ పిచ్చి ఇంగ్లీషు అక్షరాలు వస్తున్నాయి. చాలా టెన్షన్‌గా ఉంది.
— ఒక పాఠకురాలు, నంద్యాల

జవాబు: ముందు ఆ లాప్‌టాప్‌ను ఆపేసి, బ్యాటరీ తీసి పక్కన పెట్టండి. షాపు అతనికి ఇవ్వకండి. మీరూ సీడీ పెట్టకండి. మీ ఉత్తరంలో రెండు మంచి ఆనవాళ్లున్నాయి. వాటిని బట్టి చూస్తే అసలు ఎక్స్‌పీ మళ్లీ ఎక్కించే అవసరమే రాకపోవచ్చు.

ఆ 7బీ కోడ్‌కు అర్థం, విండోస్ తను కూర్చున్న హార్డ్‌డిస్క్‌ను తనే అందుకోలేకపోతోందని. తేదీ వెనక్కి పోతోందంటే మదర్‌బోర్డు మీద ఉండే చిన్న బిళ్ల బ్యాటరీ అయిపోయిందని. ఈ రెండింటికీ సంబంధం ఉండొచ్చు. 2008 ప్రాంతంలో లాప్‌టాప్‌లు విస్టాతో వచ్చేవి. 1 జీబీ ర్యామ్ మీద విస్టా ఈడ్చుకుంటూ నడిచేది. అందుకని మా డీటీపీ వాళ్లం దాన్ని తీసేసి ఎక్స్‌పీ ఎక్కించేవాళ్లం. మీ నాన్నగారిదీ అదే కథ అని ఆ స్టిక్కరే చెబుతోంది. అయితే ఎక్స్‌పీ 2001 అక్టోబరులో వచ్చిన మనిషి. సాటా రకం హార్డ్‌డిస్క్‌తో ఏహెచ్‌సీఐ అనే కొత్త పద్ధతిలో మాట్లాడటం దానికి పుట్టుకతో రాదు. మామూలుగా బయోస్‌లోకి, అంటే విండోస్ కంటే ముందు తెరుచుకునే సెట్టింగ్స్‌లోకి వెళ్లి, సాటా మోడ్‌ను ఐడీఈ అనే పాత పద్ధతికి మారిస్తేనే అది ఎక్కేది. కొన్ని లాప్‌టాప్‌లలో ఆ మాట కంపాటిబిలిటీ అని ఉంటుంది. బిళ్ల బ్యాటరీ అయిపోయినప్పుడు తేదీతో పాటు ఆ సెట్టింగ్ కూడా ఫ్యాక్టరీలో పెట్టిన ఏహెచ్‌సీఐకి తిరిగిపోతుంది. అప్పుడు వచ్చేది సరిగ్గా ఈ నీలం తెరే.

కానీ డిస్క్ పాడవుతున్నప్పుడు కూడా ఇదే కోడ్ రావచ్చు. అందుకే బయోస్ జోలికి పోయేముందు ఫైళ్లు బయటికి తీయాలి. ఈ వరస మాత్రం మార్చకండి. ఎందుకింత గట్టిగా చెబుతున్నానో కూడా చెబుతాను. విజయవాడ గవర్నర్‌పేటలో నేను పదహారేళ్లు డీటీపీ షాపు నడిపాను. 2009లో ఒక పెద్దాయన తన సిస్టమ్ తెచ్చి, స్లో అయిందమ్మా, కొంచెం చూడమన్నారు. డీ డ్రైవ్‌లో ఫైళ్లన్నీ ఉన్నాయి కదా అని సీ డ్రైవ్ ఫార్మాట్ కొట్టి ఎక్స్‌పీ కొత్తగా ఎక్కించాను. ఆయన రాసుకున్న శతకం మొత్తం డెస్క్‌టాప్ మీద ఉంది. డెస్క్‌టాప్ అంటే సీ డ్రైవే అని ఆయనకు తెలియదు, అడగాలని నాకు తోచలేదు. ఆయన ఒక్క మాట కూడా అనలేదు. మరుసటి వారం నుంచి రోజూ సాయంత్రం వచ్చి, గుర్తున్న పద్యాలు చెప్పేవారు, నేను కొట్టేదాన్ని. డెబ్భైకి కొంచెం పైన ఆగిపోయాయి. మిగతావి ఇక రాలేదు. అప్పటి నుంచి ఎవరి డిస్క్ మీదా, దాని నకలు పక్కన పెట్టకుండా చెయ్యి వేయలేదు.

ఇక మీ పని. లాప్‌టాప్ అడుగున రెండు మూడు స్క్రూలు తీస్తే హార్డ్‌డిస్క్ బయటికి వస్తుంది. అది రెండున్నర అంగుళాల సాటా డిస్క్ అయి ఉంటుంది. యూఎస్‌బీ కేబుల్ ఉన్న ఎన్‌క్లోజర్, అంటే డిస్క్ పెట్టుకునే చిన్న డబ్బా, ఒకటి కొని అందులో పెట్టి మీ కొత్త లాప్‌టాప్‌కు తగిలించండి. డిస్క్‌ను ఫార్మాట్ చేయాలని విండోస్ అడిగితే క్యాన్సిల్ నొక్కండి. అప్పుడు అది మామూలు మనిషి చేతిలో తెరుచుకోదు, డేటా రికవరీ తెలిసినవాళ్లకే చూపించాలి. డిస్క్ నుంచి టక్ టక్ మని శబ్దం వస్తున్నా అంతే, వెంటనే ఆపేయండి.

తెరుచుకుంటే ఆ పాత డిస్క్‌లోని సీ డ్రైవ్‌లో (మీ లాప్‌టాప్‌లో అది వేరే అక్షరంతో కనిపిస్తుంది) డాక్యుమెంట్స్ అండ్ సెట్టింగ్స్ ఫోల్డర్‌లోకి వెళ్లండి. నాన్నగారి పేరుతో ఉన్న ఫోల్డర్, అందులో డెస్క్‌టాప్, మై డాక్యుమెంట్స్ ఉంటాయి. అనుమతి లేదని మొదట ఆపుతుంది, కంటిన్యూ అంటే కొంచెంసేపటికి తెరుచుకుంటుంది. పీ65 అని ముగిసేవి పేజ్‌మేకర్ 6.5 ఫైళ్లు, పీఎండీ అని ముగిసేవి 7 ఫైళ్లు. ఆ ఫైళ్లొక్కటే తీసుకుంటే చాలదు. పేజ్‌మేకర్‌లో పెట్టిన ఫొటోలు చాలాసార్లు బయటి ఫైళ్లుగానే ఉండిపోతాయి. ఊరి చరిత్ర అంటే గుడి ఫొటోలు, శాసనాల ఫొటోలు ఉంటాయి కదా. అందుకని ఏరుకోకుండా ఫోల్డర్లకు ఫోల్డర్లే కాపీ చేయండి. పాత డిస్క్‌లో డీ డ్రైవ్ ఉంటే అదీ మొత్తం. పాత డిస్క్‌లోని విండోస్ ఫోల్డర్ లోపలి ఫాంట్స్ ఫోల్డర్‌ను అసలు మరిచిపోకండి.

మీకు కనిపించిన ఆ పిచ్చి ఇంగ్లీషుకు మందు ఆ ఫాంట్స్ ఫోల్డర్‌లోనే ఉంది. ఇప్పుడు ఫోన్‌లో మనం కొట్టే తెలుగు యూనికోడ్. అందులో క అంటే ఎక్కడైనా కే. అను లాంటి పాత ఫాంట్లలో అలా కాదు. ఇంగ్లీషు అక్షరాలు కూర్చోవాల్సిన గడుల్లో తలకట్టు ఒకటి, గుడి ఒకటి, వత్తు ఒకటి చొప్పున తెలుగు ముక్కలు పెట్టారు. ఫాంట్ ఉన్నంతసేపు అది తెలుగు. ఫాంట్ లేని సిస్టమ్‌లో అదే ఫైలు గజిబిజి ఇంగ్లీషు. నాన్నగారి అక్షరం ఒక్కటీ చెడిపోలేదు, నిశ్చింతగా ఉండండి. ఆ ఫాంట్లను మీ లాప్‌టాప్‌లో ఇన్‌స్టాల్ చేస్తే ఆ వర్డ్ ఫైలు వెంటనే తెలుగులో కనిపించాలి. ఈ పని ఇవాళే చేసి చూడండి, సగం టెన్షన్ తగ్గుతుంది.

కాపీ అయ్యాక, వీలైతే డిస్క్ మొత్తానికి నకలు తీయించండి. క్లోనింగ్ అంటారు. క్లోన్‌జిల్లా అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో తీస్తారు. పాత డిస్క్ అంత సైజుది, లేదా కాస్త పెద్దది కొత్త డిస్క్ ఉంటే సరిపోతుంది. ఇక లాప్‌టాప్‌లో పెట్టాల్సింది ఆ నకలునే, అసలుది బీరువాలో భద్రం. బిళ్ల బ్యాటరీ కొత్తది వేయించండి. లాప్‌టాప్‌లో అది సాధారణంగా రెండు వైర్లతో ఉంటుంది, షాపులో వేయించడమే మంచిది. ఆన్ చేయగానే ఎఫ్2 గాని ఎఫ్10 గాని డిలీట్ గాని నొక్కితే బయోస్ తెరుచుకుంటుంది. తేదీ సరిచేసి, సాటా మోడ్‌ను ఐడీఈకి మార్చి, సేవ్ చేసి బయటికి రండి. నేననుకున్నదే నిజమైతే నాన్నగారి ఎక్స్‌పీ ఆయన వదిలిన చోటనే, పేజ్‌మేకర్‌తో, అను కీబోర్డుతో సహా తెరుచుకుంటుంది.

తెరుచుకోకపోతే అప్పుడు మీ సీడీ తీయండి. ఎక్కించేది మాత్రం ఖాళీ డిస్క్ మీదే. పెట్టెలో వచ్చిన సీడీ కాబట్టి పెట్టె మీది 25 అక్షరాల కీ వాడాలి. లాప్‌టాప్ అడుగున ఉన్నది విస్టా కీ, ఎక్స్‌పీకి పనికిరాదు. సీడీ మీద సర్వీస్ ప్యాక్ 2 గాని 3 గాని అని ఉంటే మంచిది. మొట్టమొదటి ఎక్స్‌పీకి 137 జీబీ దాటిన డిస్క్ మొత్తం కనిపించదు. సీడీ డ్రైవ్ పనిచేయకపోతే యూఎస్‌బీ సీడీ డ్రైవ్ తగిలించండి.

సీడీ నుంచి బూట్ కావడానికి ఏదైనా కీ నొక్కమని అడుగుతుంది, నొక్కండి. ఫైళ్లు కాపీ అయ్యి ఒకసారి రీస్టార్ట్ అయ్యాక మళ్లీ అదే మాట అడుగుతుంది. ఈసారి నొక్కకూడదు. నొక్కితే కథ మళ్లీ మొదటికి వస్తుంది. కొత్తగా నేర్చుకునే పిల్లలు మా షాపులో ఇక్కడే గంటలు పోగొట్టుకునేవాళ్లు. మధ్యలో ఖాళీ డిస్క్‌ను ఎలా ఫార్మాట్ చేయాలని అడిగితే ఎన్‌టీఎఫ్ఎస్ క్విక్ ఎంచుకోండి. 39 నిమిషాలు అని తెర మీద కనిపిస్తుంది, ఆ లెక్కను పట్టించుకోకండి, దాని ఇష్టం వచ్చినంత సేపు పడుతుంది.

అంతా అయ్యాక బొమ్మ పెద్దపెద్దగా, రంగు వెలిసినట్టు కనిపిస్తుంది, సౌండ్ రాదు, నెట్ రాదు. కంగారు పడకండి, లాప్‌టాప్ భాగాలను విండోస్‌కు పరిచయం చేసే డ్రైవర్లు లేకపోవడమే కారణం. మీ మోడల్‌కు ఎక్స్‌పీ డ్రైవర్లను ముందే కొత్త లాప్‌టాప్‌లో దింపుకుని పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోండి. మొదట చిప్‌సెట్‌ది, తర్వాత గ్రాఫిక్స్‌ది వేయండి. మన పనికి మిగతావి లేకపోయినా నడుస్తుంది. ఎక్స్‌పీని 30 రోజుల్లోగా యాక్టివేట్ చేయమంటుంది. ఫైళ్లు బయటికి తీసుకోవడానికి ఆ గడువే ఎక్కువ.

ఆ తర్వాత పేజ్‌మేకర్, అను ఎక్కించి ఫైలు తెరిచాక, మొదటి రోజే పీడీఎఫ్ చేసేయండి. పేజ్‌మేకర్ 7తో పాటు డిస్టిల్లర్ వచ్చేది, దానితో ఫాంట్లు లోపలే ఉండేలా పీడీఎఫ్ వస్తుంది. అచ్చుకు అది చాలు. ఎక్స్‌పీతో కుస్తీ వద్దనుకుంటే ఇంకో దారి ఉంది. పేజ్‌మేకర్ 6 నుంచి వచ్చిన ఫైళ్లను ఇన్‌డిజైన్ సీఎస్6 తెరవగలదు. మీ ఊళ్లో పాత డీటీపీ షాపుల్లో అది ఇంకా ఉండొచ్చు. కాకపోతే పేజీలు కొంచెం అటూ ఇటూ కదులుతాయి.

పీడీఎఫ్‌తో ఆగిపోకండి. మేటర్‌ను యూనికోడ్‌లోకి కూడా మార్పించండి. అను నుంచి యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్లు ఉన్నాయి. కానీ పద్యాలు కదా, అరసున్నలు, బండి ఱలు, జంట వత్తులు వచ్చిన చోట తప్పులు దొర్లుతాయి. పీడీఎఫ్ పక్కన పెట్టుకుని, ఛందస్సు తెలిసినవాళ్లు ఒకరు పైకి చదువుతుంటే ఇంకొకరు సరిచూడాలి. యతి దగ్గర నాలుక తట్టుకుంటే అక్కడ ఏదో ఎగిరిపోయిందని తెలుస్తుంది. నాన్నగారి శిష్యులు ఎవరైనా ఉంటే అడగండి, సంతోషంగా వస్తారు.

ప్రశ్న: మా దగ్గర 2 జీబీ ర్యామ్ ఉన్న పాత కోర్ 2 డుయో లాప్‌టాప్ ఉంది. ఎక్స్‌పీ అయితే తేలిగ్గా నడుస్తుందట. ఎక్కించి మా అబ్బాయికి ఆన్‌లైన్ క్లాసులకు ఇవ్వచ్చా? నేను బ్యాంకు పనులు కూడా చేసుకుంటాను.
— కరీంనగర్ నుంచి ఒక పాఠకుడు

జవాబు: వద్దండి. పై అమ్మాయికి ఎక్స్‌పీ గురించి అంత చెప్పింది పాత ఫైళ్లు తీయడానికి, అదీ నెట్ తగిలించకుండా. మీ అవసరం పూర్తిగా వేరు. ఎక్స్‌పీకి భద్రతా అప్‌డేట్లు 2014 ఏప్రిల్ 8తో ఆగిపోయాయి. దాని మీద నడిచిన చివరి క్రోమ్ 49వది, 2016 నాటిది. ఫైర్‌ఫాక్స్ 52 కూడా 2018లో ముగిసింది. ఇవాళ్టి బ్యాంకు సైట్లు, క్లాసుల సైట్లు వాటిలో సరిగా తెరుచుకోవు. తెరుచుకున్నా పాస్‌వర్డ్ కొట్టే చోటు కాదది. 2017 మేలో ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వనాక్రై అనే వైరస్ వచ్చినప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని పోలీసు స్టేషన్ల కంప్యూటర్లు కూడా తాళం పడిపోయాయి. అప్‌డేట్లు లేని విండోస్‌ను వెతుక్కుంటూ పాకిన పురుగు అది.

కోర్ 2 డుయో 64 బిట్ ప్రాసెసరే. బోర్డు ఒప్పుకుంటే ర్యామ్‌ను 4 జీబీ చేసి, హార్డ్‌డిస్క్ బదులు చిన్న ఎస్ఎస్‌డీ వేయించి, విండోస్‌కు బదులు లుబుంటు లాంటి తేలికపాటి లినక్స్ ఎక్కించండి. ముందు పెన్‌డ్రైవ్ నుంచే నడిపి చూడొచ్చు, వైఫై, సౌండ్ వస్తున్నాయో లేదో తెలిసిపోతుంది. క్లాసుల వరకు పర్వాలేదు. 2 జీబీతోనే నడపాలంటే బ్రౌజర్‌లో ఒక్క ట్యాబ్‌కు మించి తెరవకుండా అలవాటు చేయాలి, చదువుకునే పిల్లవాడికి అది చిరాకే.

ప్రశ్న: మా ప్రెస్‌లో పాత తెలుగు ప్యాకేజీకి ప్రింటర్ పోర్టుకు తగిలించే లాక్ ఉంది. అది ఉంటేనే తెలుగు వస్తుంది. ఎక్స్‌పీ ఎక్కించిన లాప్‌టాప్‌కు ఆ పోర్టే లేదు. యూఎస్‌బీ కన్వర్టర్ కొంటే పనిచేస్తుందా?
— రాజమహేంద్రవరం నుంచి ఒక ప్రెస్ యజమాని

జవాబు: ఆ కన్వర్టర్లు ప్రింటర్ కోసం చేసినవి, లాక్‌ను సాధారణంగా గుర్తించవు. డబ్బు పెట్టకండి. మదర్‌బోర్డు మీదే ప్రింటర్ పోర్టు ఉన్న పాత డెస్క్‌టాప్ ఒకటి చూసుకోండి. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ వైపు వెళ్లినప్పుడు సెకండ్ హ్యాండ్ షాపుల్లో అడగండి. దాని మీద ఎక్స్‌పీ ఎక్కించి, లాక్ తగిలించి, ముందు పాత పుస్తకాలన్నిటినీ వరసగా పీడీఎఫ్ చేయించండి. లాక్ మీద కంపెనీ పేరు, నంబరు చెరిగిపోకముందే ఫొటో తీసి పెట్టుకోండి. సిస్టమ్ ఆన్‌లో ఉండగా దాన్ని పీకడం, పెట్టడం చేయకండి. అది పాడైతే ఇప్పుడు ఇంకోటి దొరకడం చాలా కష్టం.