గ్లాసు మూతి దగ్గర మొదలుపెట్టు

చిరంజీవి తమ్ముడికి,

అక్క ఆశీస్సులు. రిటైరయ్యాక రోజు గడవడం లేదని, లేచింది మొదలు ఫోన్ చూస్తూ కూర్చుంటున్నానని నిన్న అన్నావు. బొమ్మలు వెయ్యరా అంటే నవ్వేశావు. మాటల్లో సరిగా చెప్పలేకపోయాను, అందుకే రాస్తున్నా.

మీ బావ కాలం చేసిన ఏడాది నేను పెన్సిల్ పట్టాను. అప్పటికి నాకు 66. దుఃఖం మరిచిపోదామని కాదు, మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా ఇల్లు మీద పడి నొక్కేస్తున్నట్టు ఉండేది, ఆ రెండు గంటలూ ఎలాగోలా దాటాలని. ఎదురుగా ఉన్న నీళ్ళ గ్లాసు వేశాను. మూతి గుండ్రమని తెలుసు కదా, గుండ్రంగానే గీశాను. తీరా చూస్తే గ్లాసు నా ఒళ్ళో పడబోతున్నట్టు ఉంది. నాలుగు రోజులు అదే గ్లాసు, అదే గొడవ. ఐదో రోజుకి తట్టింది: కూర్చున్న చోటు నుంచి చూస్తే ఆ మూతి నొక్కిన చేతిగాజులా కనిపిస్తుంది. నేను తెలిసింది గీస్తున్నా తప్ప కనిపించింది గీయడం లేదు. తల ఎత్తి గడియారం చూసేసరికి ఐదు దాటింది.

కాబట్టి కాస్త చేతకాని పనే ఎంచుకో. వచ్చిన పని చేస్తుంటే చేతులు కదులుతాయి గానీ మనసు మళ్ళీ పాత చోటికే పోతుంది. ఇది నా చాదస్తం అనుకోకు. అమెరికాలో డెనిస్ పార్క్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త బృందం 60 నుంచి 90 ఏళ్ళ మధ్య ఉన్న 221 మందితో ఓ ప్రయోగం చేసింది. కొందరికి డిజిటల్ ఫొటోగ్రఫీ, కొందరికి బొంతలు కుట్టడం, ఇంకొందరికి రెండూ నేర్పారు. వారానికి 15 గంటల లెక్కన మూడు నెలలు. మరో గుంపు కలిసి కూర్చుని కబుర్లూ ఆటలూ షికార్లతో గడిపింది. 2014లో అచ్చయిన ఫలితాల్లో, కొత్త పని నేర్చుకున్నవాళ్ళకే జ్ఞాపకశక్తి మెరుగుపడిందని తేలింది. కబుర్లు వద్దనను, వాటితోనే సరిపెట్టుకోకు అంటున్నా.

క్లాసులో చేరేముందు ఒకరోజు వెళ్ళి చూసి రా. నేను చేరిన మొదటి చోట ముందే గీసిన పువ్వులిచ్చి రంగులు నింపమన్నారు. ప్రతి కాగితానికీ చప్పట్లు! పెద్దవాళ్ళమైతే పసిపిల్లలమా? మూడో వారం మానేశాను. తప్పు ఎక్కడుందో చూపించే గురువు దొరికితే వదలకు, వయసులో నీ కొడుకంత వాడైనా సరే.

ఇక సామాను సంగతి. నీకు వేళ్ళ నొప్పులున్నాయి కదా, 4బి, 6బి లాంటి మెత్తటి పెన్సిల్ కొను. నొక్కకుండానే నల్లటి గీత పడుతుంది. దానికి గుడ్డ చుట్టి లావు చేసుకో, పట్టు సులువవుతుంది. చెయ్యి వణికితే మోచెయ్యి బల్ల మీద ఆనించు. 20 ఏళ్ళవాడి కంట్లోకి వెళ్ళే వెలుతురులో మూడో వంతే మన కంట్లోకి వెళ్తుందట, అందుకని దీపం ఎడమ పక్కన, దగ్గరగా పెట్టుకో. వయసుతో కంటి కటకం పసుపెక్కుతుంది, ముదురు నీలం, నలుపు ఒకటేలా ఉంటాయి. రంగుల ట్యూబుల మీద పెద్దక్షరాలతో పేర్లు రాసుకో. అరగంటకోసారి లేచి నాలుగడుగులు వెయ్యి, లేకపోతే నడుం పట్టేస్తుంది.

ఓపిక లేదంటావేమో. 1941లో పెద్ద ఆపరేషన్ అయ్యాక ఫ్రెంచి చిత్రకారుడు మతీస్ ఎక్కువసేపు నిలబడలేక మంచం, కుర్చీలకే పరిమితమైతే, కత్తెర పట్టుకుని రంగు కాగితాలు కత్తిరించి బొమ్మలు చేశాడు. రవీంద్రనాథ్ ఠాగూర్ రాతప్రతుల్లో కొట్టివేతలను ఆకారాలుగా మారుస్తూ మారుస్తూ చిత్రకారుడయ్యాడు. పారిస్‌లో తొలి ప్రదర్శన పెట్టిన 1930లో ఆయన వయసు 69. మనం వాళ్ళంతటివాళ్ళం కాదులే, గ్లాసు మూతి కుదిరితే చాలు.

ఇంకో మాట, గట్టిగా చెబుతున్నా. నిద్ర పట్టక, తినబుద్ధి కాక, దేని మీదా ఆసక్తి లేక రెండు వారాలు దాటితే అది తోచకపోవడం కాదు. డాక్టర్‌కి చూపించు. బొమ్మలు దానికి మందు కావు. నేను మొదట్లో ఆ తేడా తెలియక నాలుగు నెలలు లాక్కొచ్చాను, నువ్వు ఆ పని చెయ్యకు.

వేసినవి పిల్లలకి వెంటనే చూపించకు. సగం చూసి "సూపర్ నాన్నా" అనేస్తారు, పాపం వాళ్ళ తొందర వాళ్ళది. ఆ మాటకి అలవాటు పడితే వచ్చిన బొమ్మే మళ్ళీ మళ్ళీ వేస్తావు. ఆదివారానికల్లా నీ గ్లాసు బొమ్మ ఫొటో తీసి నాకు పంపు. బాగుందని మాత్రం అనను. మూతి దగ్గర ఎన్నిసార్లు చెరిపావో అడుగుతా.

మీ అక్క