ఫుడ్ పాయిజనింగ్: తిన్న ఎంతసేపటికి మొదలైంది?

ప్రశ్న: భోజనం చేసిన మూడు గంటలకే ఇంట్లో అందరికీ వాంతులు పట్టుకున్నాయి. జ్వరం లేదు. మిగిలిన అన్నాన్ని బాగా వేడి చేసే తిన్నాం. అయినా ఎందుకిలా అయింది?

జవాబు: వేడికి బ్యాక్టీరియా చస్తుంది గానీ, అది అప్పటికే అన్నంలో వదిలిన విషం పోదు. వండిన పదార్థం గంటల తరబడి బయట ఉంటే బాసిల్లస్ సీరియస్, స్టఫైలోకోకస్ ఆరియస్ అనే బ్యాక్టీరియాలు అందులోనే విషం తయారుచేస్తాయి. ఆ విషం మరిగే వేడినీ తట్టుకుంటుంది. క్రిమి పొట్టలోకి వెళ్లి పెరగాల్సిన పనిలేదు కాబట్టే 1 నుంచి 6 గంటల్లోపే వాంతులు మొదలవుతాయి. సాధారణంగా ఒక రోజులో తగ్గిపోతాయి.

డాక్టరుకు ముందుగా చెప్పాల్సింది, తిన్న ఎంతసేపటికి మొదలైందన్న ఈ వ్యవధే. 8 నుంచి 12 గంటలకు కడుపులో మెలిపెట్టి నీళ్ల విరేచనాలైతే, వాంతులూ జ్వరమూ పెద్దగా లేకపోతే, క్లోస్ట్రీడియం పెర్‌ఫ్రింజెన్స్ అనే బ్యాక్టీరియాను అనుమానిస్తాం. పెద్ద గిన్నెలో వండి మెల్లగా చల్లారిన మాంసంలో ఇది పెరుగుతుంది. జ్వరంతో కూడిన విరేచనాలకు సాల్మొనెల్లా లాంటి బ్యాక్టీరియా కారణమైతే, తిన్నది నిన్నో మొన్నో అయి ఉంటుంది. చివరగా తిన్న పదార్థం మీదే నేరం మోపడం చాలామంది చేసే పొరపాటు.

ప్రశ్న: మూడేళ్ల పాప ఓఆర్‌ఎస్‌ కూడా కక్కేస్తోంది. ఆపేయాలా?

జవాబు: ఆపొద్దు. గ్లాసుడు ఒకేసారి పట్టిస్తే వాంతి అవుతుంది. పది నిమిషాలు ఆగి, రెండు మూడు నిమిషాలకు ఒక్కో చెంచా చొప్పున మళ్లీ మొదలుపెట్టండి. ఈ వయసులో ప్రతి విరేచనానికి 100–200 మి.లీ. పట్టాలి; రెండేళ్లలోపు పిల్లలకైతే 50–100 చాలు. ప్యాకెట్ మీద రాసినన్ని నీళ్లలోనే కలపండి. నీళ్లు తగ్గిస్తే రక్తంలో సోడియం ప్రమాదకరంగా పెరుగుతుంది. ప్యాకెట్ దొరక్కపోతే లీటరు మంచినీటిలో 6 టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు, చెంచా తలకు సమానంగా కొలిచి కలపండి. చక్కెర ఎక్కువైతే అది పేగులోకి నీటిని లాగి విరేచనాలు పెంచుతుంది. కూల్‌డ్రింకులు వద్దనేది అందుకే.

పాప పొట్ట మీది చర్మాన్ని రెండు వేళ్లతో మెల్లగా పట్టి వదలండి. ముడత వెంటనే పోవాలి. రెండు సెకన్లు దాటినా అలాగే నిలిచి ఉంటే, కళ్లు గుంటలు పడి మగతగా ఉంటే, ఇంట్లో చెంచాలతో సరిపోదు, సెలైన్ ఎక్కించాలి.

ప్రశ్న: విరేచనాలు లేకుండా కూడా ఫుడ్ పాయిజనింగ్ అవుతుందా?

జవాబు: అవుతుంది, అదే ఎక్కువ భయపెడుతుంది. సరిగా శుద్ధి చేయకుండా గాలి చొరబడని డబ్బాల్లో, సీసాల్లో నిల్వ చేసిన పదార్థాల వల్ల బొట్యులిజం (బ్యాక్టీరియా విషం నరాలను పడగొట్టే జబ్బు) రావచ్చు. ఎక్కువగా 12–36 గంటల్లో కనురెప్పలు వాలిపోతాయి, ఒక్కటి రెండుగా కనిపిస్తుంది, నోరు ఎండుతుంది, మాట ముద్దగా వస్తుంది, మింగడం కష్టమవుతుంది. తర్వాత బలహీనత మెడకు, చేతులకు దిగుతుంది, ఊపిరి కండరాలూ పడిపోవచ్చు. జ్వరం ఉండదు, స్పృహ తప్పదు. అందుకే ఇంట్లోవాళ్లు నీరసమని ఊరుకుంటారు. యాంటీటాక్సిన్ (ఆ విషానికి విరుగుడు మందు) జబ్బు ముదరకుండా ఆపుతుందే తప్ప అప్పటికే పడిపోయిన నరాలను వెంటనే లేపలేదు. అనుమానం రాగానే ఆసుపత్రికి తీసుకెళ్లండి. నోటి ద్వారా ఏమీ ఇవ్వకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

పురుగుమందు కలిసిన ఆహారమైతే తీరు వేరు. చొంగ, కన్నీళ్లు, చెమటలు ఆగకుండా కారతాయి, కనుపాపలు సూదిమొనంత అవుతాయి. వాంతులు, విరేచనాలు కూడా ఉంటాయి కాబట్టి మామూలు అజీర్తి అనుకునే ప్రమాదం ఉంది. ఇది ఆర్గానోఫాస్ఫేట్ రకం పురుగుమందు విషం, దీనికి విరుగుడైన అట్రోపిన్ ఆసుపత్రిలో వెంటనే పడాలి. బలవంతంగా వాంతి చేయించకండి.

ప్రశ్న: విరేచనాలు ఆగడానికి లోపెరమైడ్, యాంటీబయోటిక్ వేసుకోవచ్చా?

జవాబు: చిన్నపిల్లలకు లోపెరమైడ్ ఇవ్వకూడదు. విరేచనంలో రక్తం ఉన్నా, జ్వరం ఉన్నా పెద్దలూ వాడకూడదు. విషం పేగులోనే నిలిచిపోతుంది. రక్తానికి కారణం ఈ-కొలై ఓ157 అనే బ్యాక్టీరియా అయితే, యాంటీబయోటిక్ కిడ్నీలను దెబ్బతీసే ముప్పును పెంచవచ్చు. ముందు మలం నమూనా పరీక్షకు ఇవ్వండి. విరేచనాలు మొదలైన వారానికి, అవి తగ్గాయనుకున్న సమయంలో, పిల్లలు పాలిపోయి మూత్రం తగ్గితే, కిడ్నీలు దెబ్బతిన్నాయేమో తెలియడానికి అదే రోజు రక్తపరీక్షలో ప్లేట్‌లెట్లు, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే కొలత) చూపించాలి.